పన్నెండేళ్ల పాపకు ఒడిస్సీలో చౌక కుదరడం లేదు: సాగదీత పెంచాలా, బలం పెంచాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ముందు క్లుప్తంగా చెబుతాను. అమ్మాయికి పన్నెండేళ్లు, ఆరేళ్ల వయసు నుంచి ఒడిస్సీ నేర్చుకుంటోంది. గత పది నెలల్లో 7 సెంటీమీటర్లు పొడుగు పెరిగింది. అప్పటినుంచి చౌకలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి చతురస్రంలా నిలిచే ఒడిస్సీ భంగిమలో, మునుపటిలా కిందికి దిగలేకపోతోంది. ముందుకు వంగితే వేళ్లు నేలకు అందడం లేదు. క్లాసు అయ్యాక మోకాలి చిప్ప కింద నొప్పి అంటోంది. ఒళ్లు బిగుసుకుపోయిందని గురువుగారు సాగదీసే వ్యాయామాలు రెట్టింపు చేయించారు. పాదాలు కలిపి, మోకాళ్లు పక్కలకు పెట్టి కూర్చోబెట్టి, పెద్ద పిల్లల చేత తొడల మీద నొక్కిస్తున్నారు. అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదు. ఇలా చేయించడం సరైనదేనా, పోయిన వంపు తిరిగి వస్తుందా, కొంతకాలం నాట్యం మాన్పించాలా, బలం పెంచే వ్యాయామాలు చేయిస్తే పొడుగు ఆగిపోతుందా, గురువుగారితో ఎలా మాట్లాడాలి, మోకాళ్ల మీద జారే భాగం ఉన్న జనవరి ప్రదర్శనలో పాల్గొననివ్వాలా అన్నవి ఆమె సందేహాలు. చివర్లో తమ్ముడి గురించి కూడా ఒక మాట అడిగారు.

నేను బరంపురంలో ఫిజియోథెరపిస్టును. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను, ఆ తర్వాత చాలా ఏళ్లుగా నాట్యం చేసే పిల్లల మోకాళ్లు, మడమలు, నడుములే ఎక్కువగా చూస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు ఒడిస్సీ, కూచిపూడి రెండూ నేర్చుకుంటారు. అందుకే ఈ ప్రశ్న నాకు ఏటా చలికాలపు ప్రదర్శనల ముందు తప్పకుండా ఎదురవుతుంది.

సూటిగా జవాబు: సాగదీత పెంచకండి, ఉన్నదాన్ని సగానికి తగ్గించండి. తొడల మీద నొక్కించడం ఈ రోజే ఆపించండి. నాట్యం మాన్పించకండి. వారానికి మూడు రోజులు బలం పెంచే వ్యాయామం మొదలుపెట్టండి. వంపు చాలావరకు తిరిగి వస్తుంది, అయితే ఏడాది, ఏడాదిన్నర పట్టవచ్చు. బలం వ్యాయామాల వల్ల పొడుగు ఆగదు. మోకాలి నొప్పిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, దాని గురించి విడిగా చెబుతాను.

ఇక కారణాలు. ఆడపిల్లల్లో పొడుగు పెరిగే వేగం సగటున 11.5 నుంచి 12 ఏళ్ల మధ్య శిఖరానికి చేరుతుంది. ఆ ఏడాది 8 సెంటీమీటర్ల దాకా పెరగడం మామూలే. మగపిల్లల్లో ఇది 13.5 నుంచి 14 ఏళ్లకు వస్తుంది, వేగం ఇంకాస్త ఎక్కువ. మొదటి ఋతుస్రావం సాధారణంగా ఈ శిఖరం దాటిన ఆరు నెలల నుంచి ఏడాదికి వస్తుంది. మీ అమ్మాయి లెక్క చూస్తే సరిగ్గా శిఖరం దగ్గరే ఉంది. పెరగడం కూడా ఒళ్లంతా ఒకేసారి జరగదు. ముందు పాదాలు, తర్వాత కాళ్లు, చివరికి మొండెం పెరుగుతాయి. చెప్పుల సైజు ఒక్కసారిగా మారిందంటే కాళ్ల వంతు దగ్గర్లో ఉందని నేను తల్లులకు చెబుతుంటాను.

చాలామంది తికమకపడేది ఇక్కడే. కాళ్లు ముందు పొడవై, మొండెం, చేతులు ఇంకా వెనకబడి ఉన్నప్పుడు, ముందుకు వంగితే వేళ్లు నేలకు అందవు. తొడ వెనక కండరం ఏమీ బిగుసుకోకపోయినా అందవు. ఆ పరీక్షలో పన్నెండేళ్ల దగ్గర ఆడపిల్లలు వెనకబడడం చాలాకాలంగా తెలిసిన సంగతే. ఎముక వేగంగా సాగుతుంటే కండరం కొంత ఆలస్యంగా అందుకుంటుందన్న మాటలో నిజం లేకపోలేదు, కానీ పిల్లలందరి విషయంలో అదే కారణమని చెప్పడానికి లేదు. ఎదిగే పిల్లలను కొలిచి చూసిన అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. కాబట్టి వేళ్లు అందడం లేదు గనుక కండరం బిగిసింది, కండరం బిగిసింది గనుక ఇంకా లాగుదాం అనే వరసలో మొదటి మెట్టే అనుమానాస్పదం.

చౌక సంగతి ఇంకా ఆసక్తికరమైనది. జగన్నాథుని చతురస్ర రూపంగా చెప్పుకునే ఆ భంగిమలో ఒంటి బరువంతా వంచిన మోకాళ్ల మీద, విప్పిన తుంటి మీద నిలుస్తుంది. నిండు బిందెను ఛాతీకి ఆనించి పట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు. తొడ ఎముక పొడుగైతే జరిగేది అదే. బరువు కూడా ఏడాదిలో ఐదారు కిలోలు పెరిగి ఉంటుంది. అదే లోతులో నిలబడడానికి నిరుటి కంటే చాలా ఎక్కువ బలం కావాలి. కండర బలం మాత్రం పొడుగుతో పాటు అదే నెలలో రాదు, వెనకగా వస్తుంది. అందుకని పాప పైకి లేచిపోతుంది. చూసేవాళ్లకు అది బిగుతులా కనిపిస్తుంది. నా దగ్గరికి ‘ఒళ్లు బిగుసుకుపోయింది’ అని తీసుకొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి నేను రాసుకునే మాట ‘బలం చాలడం లేదు’ అని.

మీ అమ్మాయి విషయంలో ఏది నిజమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పరికరాలేమీ అక్కర్లేదు.

మొదటి పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టండి. ఒక కాలు నేలకు ఆనించి ఉంచి, రెండో కాలిని మోకాలు వంచకుండా మీరే నెమ్మదిగా పైకి ఎత్తండి. నిట్టనిలువుకు దగ్గరగా, అంటే 80 నుంచి 90 డిగ్రీల దాకా లేస్తే తొడ వెనక కండరం బాగానే ఉంది, వేళ్లు అందకపోవడం కాళ్ల పొడుగు వల్లే. 60, 65 దగ్గరే ఆగిపోతే నిజంగానే బిగుతు ఉంది. ఇప్పుడు చేయి తీసేసి ఆమెనే ఎత్తమనండి. మీరు ఎత్తిన ఎత్తుకూ, ఆమె ఎత్తిన ఎత్తుకూ మధ్య తేడా ఎక్కువగా ఉందంటే ఆ మధ్యలోని కదలికపై ఆమెకు పట్టు లేదని అర్థం. దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే.

రెండోది గోడ మీద చౌక. పిరుదులు గోడకు దగ్గరగా జరిపి వెల్లకిలా పడుకోబెట్టి, పాదాలు గోడకు ఆనించి చౌక ఆకారం పెట్టమనండి. ఒంటి బరువు ఇప్పుడు కాళ్ల మీద లేదు. అక్కడ మోకాళ్లు చక్కగా విచ్చుకుని, నిలబడినప్పుడు మాత్రం విచ్చుకోకపోతే తుంటి కీలులో అడ్డేమీ లేదు. అలాంటి పాప తొడల మీద ఎంత నొక్కినా చౌక లోతు పెరగదు, పెరగాల్సింది తొడ, పిరుదు కండరాల బలం.

మూడోది అద్దం ముందు. ఒంటి కాలి మీద నిలబడి, మోకాలిని కొద్దిగా వంచి లేవమనండి, ఐదారుసార్లు. మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలిపోతోందా? రెండో వైపు తుంటి కిందికి జారుతోందా? రెండింటిలో ఏది కనిపించినా పిరుదు పక్క కండరం బలహీనంగా ఉందని గుర్తు. ఆడపిల్లల్లో ఈ వయసులో తుంటి వెడల్పు పెరుగుతుంది, తొడ ఎముక వాలు మారుతుంది. మగపిల్లలకు యుక్తవయసు హార్మోన్ల వల్ల బలం దానంతట అదే బాగా పెరుగుతుంది, ఆడపిల్లలకు అంతగా పెరగదు. వాళ్లకు పని కట్టుకుని పెంచాలి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

ఇప్పుడు తొడల మీద నొక్కడం గురించి. నాకు కోపం వచ్చే విషయం ఇది. తుంటి ఎంత పక్కకు తిరుగుతుందనేది చాలావరకు ఎముకల ఆకారం నిర్ణయిస్తుంది. తొడ ఎముక మెడకు పుట్టుకతో సుమారు 40 డిగ్రీల ముందు మెలిక ఉంటుంది, అది తగ్గుతూ వచ్చి పెద్దయ్యాక సుమారు 15 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఆ మార్పులో ఎక్కువ భాగం పన్నెండేళ్లకు ముందే అయిపోతుంది. తొడల మీద ఎవరు కూర్చున్నా, నిలబడినా ఆ ఎముక తిరగదు. తిరగాల్సిన చోట తిరగకపోతే ఆ ఒత్తిడంతా మోకాలి లోపలి పక్క కట్లకూ (ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లకూ), తుంటి కీలు అంచుకూ, గజ్జ కండరాలకూ పోతుంది. నిలబడినప్పుడు కూడా అంతే. తుంటి నుంచి వచ్చినంత మేరకే పాదాలు పక్కలకు తిప్పాలి. పాదాలు బాగా తిప్పి, మోకాళ్లు ముందుకు చూస్తుంటే ఆ చౌక ఎంత లోతుగా ఉన్నా తప్పు చౌకే.

ఇంకో సంగతి, ఇది చాలామంది గురువులకు ఎవరూ చెప్పి ఉండరు. ఎదిగే పిల్లల్లో ఎముక చివర మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. కండరం ఎముకకు అతుక్కునే చోట కూడా అలాంటి మెత్తని పొరే ఉంటుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా లాగితే కండరమో స్నాయువో దెబ్బతింటుంది. పిల్లల్లో వాటికంటే ఈ పొరే బలహీనం. అందుకని లాగితే ఎముక అంచే ఊడి వస్తుంది. పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చాడు. కాళ్లు రెండువైపులా చాపి కూర్చునే స్ప్లిట్‌లో ఉండగా, పూర్తిగా నేలకు ఆనించాలని ఇద్దరు భుజాలు పట్టి నొక్కారు. పిరుదు కింద టప్‌మని శబ్దం వచ్చిందన్నాడు. కండరం పట్టేసిందని వేడి కాపడాలు పెట్టారు, నూనెతో మర్దనా చేయించారు. ఎక్స్‌రేలో చూస్తే కూర్చునే ఎముక నుంచి చిన్న ముక్క విడిపోయి ఉంది. ఆపరేషన్ అవసరం పడలేదు గానీ, మళ్లీ పరుగెత్తడానికి నెలలు పట్టింది.

మీ అమ్మాయి మోకాలి నొప్పి కూడా ఈ కుటుంబానిదే అయివుండవచ్చు. మోకాలి చిప్పకు కాస్త కిందుగా, ముంగాలి ఎముక మీద చిన్న గుబ్బలాంటిది ఉంటుంది. అక్కడ వేలితో నొక్కితే కచ్చితంగా ఆ చోటే నొప్పి అంటే, అది ఆస్‌గుడ్ ష్లాటర్ అనే సమస్య కావచ్చు. తొడ ముందు కండరం పదేపదే లాగడం వల్ల ఆ పొర వాచుతుంది. ఎదిగే వయసులో గెంతే, పరుగెత్తే, గట్టిగా అడుగు వేసే పిల్లలకు ఇది చాలా మామూలు. ఎదుగుదల ఆగాక దాదాపు అందరికీ తగ్గుతుంది, ఎత్తుగా ఉన్న గుబ్బ మాత్రం కొందరికి ఉండిపోతుంది. దీనికి పూర్తి విశ్రాంతి అక్కర్లేదు. నొప్పిని పదికి లెక్కేస్తే మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలుగా ఉండాలి. ఆ హద్దులో ఉంటే చేయనివ్వండి, దాటితే లోతు, గెంతులు, మోకాళ్ల మీద కూర్చునే భంగిమలు తగ్గించండి. నొప్పి ఉన్న రోజుల్లో తొడ ముందు కండరాన్ని గట్టిగా లాగే సాగదీత మానేయాలి, ఎందుకంటే అది లాగేది సరిగ్గా ఆ గుబ్బనే. క్లాసు అయ్యాక తడిగుడ్డలో చుట్టిన మంచు పది నిమిషాలు పెట్టవచ్చు.

మడమ వెనక వచ్చే నొప్పి కూడా ఇలాంటిదే, కొంచెం చిన్న వయసులో కనిపిస్తుంది. మన ప్రాంతంలో నేల ఒక ముఖ్య కారణం. క్లాసులు ఎక్కువగా కల్యాణ మండపాల్లో, గుడి హాళ్లలో, ఎవరింటి మేడ మీదో జరుగుతాయి. కింద గ్రానైటో, సిమెంటో ఉంటుంది. దాని మీద వట్టి పాదాలతో గంటల తరబడి తట్టడం. జంపఖానా పరిస్తే పాదానికి చల్లగా తగలదేమో గానీ, దెబ్బ ఏమీ తగ్గదు. పైగా ఈ వయసులో ఎముక పొడుగు ముందు పెరుగుతుంది, అందులో ఖనిజం నిండడం ఆరు నెలల నుంచి ఏడాది వెనకగా సాగుతుంది. అంటే ఎముక పొడుగుగా ఉంది గానీ ఇంకా గట్టిపడలేదు. పెద్ద అయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, పొడుగు వేగం శిఖరానికి చేరే సమయానికి అటూ ఇటూ ఉన్న రెండేళ్లలోనే చేరుతుంది. తట్టడం పూర్తిగా మానడం కాదు, మోతాదు చూసుకోవాలి. కొత్త అంశం నేర్చుకునేటప్పుడు లెక్కలు చేత్తో వేసి, అడుగులు మెల్లగా పెట్టి, చివరి రెండుసార్లు మాత్రమే పూర్తి శబ్దంతో చేయిస్తే చాలు. రాయగడ నుంచి వచ్చిన ఒక పాపకు మేం మార్చింది దాదాపు ఇంతే, దానితో పాటు పిక్కలకు బలం వ్యాయామం. కొన్ని వారాల్లో మడమ కుదుటపడింది.

బలం ఎలా పెంచాలి

బరువులు ఎత్తితే పొడుగు ఆగిపోతుందన్నది పాత భయం. సరైన పద్ధతిలో, పక్కన తెలిసినవాళ్లు ఉండి చేయిస్తే పిల్లల ఎదుగుదలకు హాని లేదని ఇప్పుడు క్రీడావైద్యంలో అందరూ ఒప్పుకునే మాట. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు కండరాలు, ఎముకలు గట్టిపడే వ్యాయామం వారానికి కనీసం మూడు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ అమ్మాయికి డంబెల్స్ కూడా అవసరం లేదు, ఒంటి బరువు చాలు. కండలు తిరిగి అందం పోతుందని కొందరు తల్లులు భయపడతారు. ఈ వయసులో బలం ప్రధానంగా నరాలు కండరాలను సరిగా పలికించడం వల్ల వస్తుంది, కండ ఉబ్బడం వల్ల కాదు.

నేను ఎక్కువగా ఇచ్చే వరస ఇది, మొత్తం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే సేతుబంధం పన్నెండుసార్లు, తేలికయ్యాక ఒంటి కాలితో. పక్కకు పడుకుని పై కాలిని మడమ ముందుంచి ఎత్తడం, ఒక్కో పక్క పన్నెండు నుంచి పదిహేను. మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఉంచే ప్లాంక్ ఇరవై సెకన్లు, అదే పక్కకు తిరిగి కూడా. ఒంటి కాలి మునివేళ్ల మీద లేచి దిగడం, గోడకు వేలు ఆనించి. చివరికి ఒక్కో కాలికి ఇరవై దాటాలి, చాలామంది నాట్యం పిల్లలు మొదట్లో పదికే ఆగిపోతారు. గోడకు వీపు ఆనించి కుర్చీలా కూర్చోవడం ఇరవై సెకన్లు, మోకాలు నొప్పి ఉంటే లోతు తక్కువ.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది చివర చేయించేది. సగం లోతు చౌక, ఏకతాళిలో, అంటే నాలుగు మాత్రల (లెక్కల) తాళంలో. నాలుగు మాత్రల్లో దిగాలి, నాలుగు మాత్రలు నిలవాలి, నాలుగు మాత్రల్లో లేవాలి. మోకాలు రెండో వేలి మీదుగానే సాగాలి. నడుము వెనక్కి విల్లులా వంగకూడదు. ఎనిమిదిసార్లు చేస్తే చెమట పడుతుంది. లోతు పెంచడం మూడో వారం తర్వాతే, అదీ ఆకారం చెడకుండా ఉంటేనే. కూచిపూడి పిల్లలకు ఇదే పని అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో చేయిస్తాను. గురువులు దీన్ని వెంటనే ఒప్పుకుంటారు, ఎందుకంటే ఇది వాళ్లకు వ్యాయామంలా కాక సాధనలా కనిపిస్తుంది.

సాగదీత మానమని కాదు. ఒళ్లు వేడెక్కాక, క్లాసు చివర, ఒక్కో కండరానికి ముప్పై సెకన్లు, రెండు మూడుసార్లు. లాగుతున్నట్టు తెలియాలి, ముఖం చిట్లించకూడదు. ఇంకొకరు తోయడం ఏ వయసులోనూ వద్దు, ఈ వయసులో అసలే వద్దు. క్లాసు మొదట్లో నిమిషాల కొద్దీ లాగి ఉంచితే తర్వాత గెంతులకు కండరం పట్టు కొంత తగ్గుతుంది. అందుకని మొదట కాళ్లు ఊపడం, నడవడం, చిన్న అడుగులు చాలు.

కొందరు పిల్లలు దీనికి తలకిందులు. బొటనవేలు మణికట్టుకు ఆనుతుంది, మోచేతులు వెనక్కి వంగుతాయి, నిలబడితే మోకాళ్లు విల్లులా వెనక్కి పోతాయి, అరచేతులు నేలకు ఆనతాయి. క్లాసులో వీళ్లను ముందు వరసలో పెట్టి చూపిస్తారు. నాకు ఎక్కువ దిగులు వీళ్ల గురించే. వీళ్ల కీళ్ల కట్లు పుట్టుకతో వదులు, చీలమండ పదేపదే మెలిక పడుతుంది. వీళ్లకు సాగదీత దాదాపు అక్కర్లేదు, బలం, నిలకడ రెట్టింపు కావాలి. మీ అమ్మాయి ఈ కోవకు చెందిందో లేదో కూడా చూడండి.

మోతాదు విషయంలో ఒక సులువైన హద్దు ఉంది. నాట్యం, ఆటలు, వ్యాయామం కలిపి వారానికి గంటలు పిల్లల వయసు అంకెను దాటకూడదు. పన్నెండేళ్లకు పన్నెండు గంటలు. వారంలో కనీసం ఒక రోజు పూర్తి విరామం. బళ్లో ఖోఖో, సైకిలు మీద ట్యూషన్‌కు వెళ్లడం కూడా లెక్కలోకి తీసుకోండి. మా దగ్గర అసలు ఇబ్బంది మామూలు వారాల్లో రాదు, దసరా నుంచి సంక్రాంతి దాకా ప్రదర్శనల ముందు ఆరు గంటలు పదిహేను అయ్యే వారాల్లో వస్తుంది. రజ పండుగకు మూడు రోజులు భూమికే విశ్రాంతి ఇచ్చి, ఆడపిల్లలను ఊయల ఎక్కించే ప్రాంతం మనది. ఆ మూడు రోజులు కూడా రిహార్సల్ పెట్టినవాళ్లను చూశాను.

మూడు నెలలకోసారి గోడ దగ్గర పొడుగు గుర్తు పెట్టండి, ఎప్పుడూ పొద్దున్నే, ఎందుకంటే సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లకు దగ్గరగా పెరిగితే ఇంకా ఊపులో ఉన్నట్టే. 1 సెంటీమీటరుకు తగ్గాక లోతు, గెంతులు క్రమంగా పెంచవచ్చు.

తిండి గురించి రెండు మాటలు. 13 నుంచి 15 ఏళ్ల వాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, మన కొండ ప్రాంతంలో రాగులకు కొదవ లేదు. పాలు, పెరుగు, ముళ్లతో తినే చిన్న చేపలు, పెద్దమనిషి అయినప్పుడు పెట్టే నువ్వుల చిమ్మిలి, అన్నీ మంచివే. చిమ్మిలి ఆ పది రోజులకే పరిమితం కానక్కర్లేదు. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. క్లాసులో త్వరగా అలసిపోయే పిల్లకు ముందు హిమోగ్లోబిన్ చూపించండి. బళ్లో ఇచ్చే నీలం ఐరన్ మాత్ర పారేయకుండా వేసుకోమనండి.

సన్నబడాలని రాత్రి భోజనం మాన్పించడం మాత్రం ఒప్పుకోవద్దు. పెరిగే ఒంటికి, సాధనకు సరిపడా తిండి లేకపోతే ఋతుచక్రం, ఎముకలు, గాయాలు మానే శక్తి అన్నీ దెబ్బతింటాయి. పదమూడేళ్లు నిండినా ఛాతీ ఎదుగుదల మొదలుకాకపోతే, పదిహేనేళ్లు నిండినా ఋతుస్రావం రాకపోతే ‘నాట్యం చేసే పిల్లలకు అంతే’ అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

ఇవి కనిపిస్తే నా వ్యాయామాలు పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి: నిద్రలో లేపేంత నొప్పి, కుంటడం, కీలు వాచడం, జ్వరంతో కూడిన నొప్పి, రెండు మూడు వారాలు దాటినా పోకుండా వెనక్కి వంగితే వచ్చే నడుము నొప్పి, ముందుకు వంగినప్పుడు వీపు ఒక పక్క ఎత్తుగా కనిపించడం. ఇంకొకటి అందరూ మరిచిపోయేది: మోకాలు నొప్పి అంటుంది గానీ మోకాలిలో ఏమీ కనిపించదు, నడిచేటప్పుడు ఆ పాదం బయటికి తిరిగి ఉంటుంది. అది తుంటి కీలులో తొడ ఎముక తల జారడం వల్ల కావచ్చు. ఈ వయసులోనే వస్తుంది, ఆ రోజే చూపించాల్సినది. మీ అమ్మాయి మోకాలి గుబ్బ మీద నొక్కితే నొప్పి లేకపోతే, తప్పకుండా తుంటి కూడా చూపించండి.

గురువుగారితో ఎలా మాట్లాడాలని అడిగారు. ‘మీరు తప్పు చేయిస్తున్నారు’ అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. గోడ మీద చౌక గురువుగారి ముందే పెట్టించి చూపించండి, నిలబడినప్పటి చౌక కూడా. తేడా కళ్లకు కనిపిస్తుంది. ఆరు నెలల పాటు లోతు తక్కువ, తట్టడం సగం, బదులుగా అభినయం, హస్తాలు, తాళం, త్రిభంగిలో (ఒళ్లు మూడు చోట్ల వంగే భంగిమలో) మొండెం కదలికలు ఎక్కువ చేయించమని అడగండి. నేర్చుకోవడానికి అక్కడ చాలా ఉంది, పాప వెనకబడిపోదు. పొడుగు మారినప్పుడు తూకం కూడా కొన్నాళ్లు తప్పుతుంది, తిరిగేటప్పుడు తూలితే అది శ్రద్ధ లేకపోవడం కాదని కూడా గురువుగారికి చెప్పండి. జనవరి ప్రదర్శనలో పాల్గొనవచ్చు, నొప్పి మూడు దాటకుండా ఉంటే. మోకాళ్ల మీద జారే భాగం ఉందన్నారు, దాన్ని మార్పించండి.

తమ్ముడికి తొమ్మిదేళ్లు, గోటిపువా (అబ్బాయిలు ఆడపిల్లల వేషంలో ఆడే ఒడిశా నాట్యం) చూసి అందులోని బంధాలు, అంటే ఒళ్లు వంచే విన్యాసాలు నేర్చుకుంటానంటున్నాడు, పంపవచ్చా అన్నారు. పంపవచ్చు. రఘురాజ్‌పూర్‌లో పుట్టి చిన్నప్పుడు గోటిపువాగా ఆడినవారే ప్రఖ్యాత ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర. ఆ సంప్రదాయంలో అబ్బాయిలు ఐదారేళ్లకే మొదలుపెట్టి, యుక్తవయసు వచ్చి ఒళ్లు మారగానే మానేస్తారు. అంటే ఆ మార్పు వస్తుందని వాళ్లు ముందే లెక్కలో పెట్టుకున్నారు. మీవాడికి పదమూడు దాటాక వేగంగా పొడుగవడం మొదలుపెడితే పైన చెప్పినవన్నీ అతనికీ వర్తిస్తాయి. అప్పటిదాకా తల మీద బరువు మోపే భంగిమలు వద్దని, వెనక్కి వంగే బంధాలు రోజూ కాకుండా రోజు విడిచి రోజు చేయించమని నేర్పేవారితో ముందే మాట్లాడుకోండి. మీ అమ్మాయి మూడు పరీక్షల ఫలితాలు, గుబ్బ దగ్గర నొక్కితే నొప్పి ఉందో లేదో ఇక్కడే రాయండి, వ్యాయామాల వరసలో ఏది ముందుంచాలో చెబుతాను.